చదవని చొక్కా

ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో పనిచేశాను. అందులో సగం కాలం అప్పుల కాగితాలు చూడడమే నా ఉద్యోగం. దస్తావేజులో తండ్రి పేరుకు ఒక్క అక్షరం తేడా ఉంటే రైతును వెనక్కి పంపినవాణ్ణి. సర్వే నంబరు పక్కన గీత వంకరగా కనిపిస్తే భూతద్దం తెప్పించినవాణ్ణి. 'మేనేజరు గారి కంట్లో పడితే కామా కూడా బతకదు' అని మా గుమాస్తాలు నా వెనకాల అనుకునేవారు. ఆ మాట నా చెవిన పడ్డప్పుడల్లా పైకి చిరాకు పడి లోపల మురిసిపోయేవాణ్ణి. అంతటి కళ్ళున్న మనిషి ఒక రోజు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా తన ఛాతీ మీద ఏం అచ్చేసి ఉందో చూసుకోకుండా హనోయ్ నగరంలో తిరిగాడు. తిరిగినవాడు ఊరికే తిరగలేదు, నలుగురికీ పాఠాలు చెబుతూ తిరిగాడు.

పోయిన అక్టోబరులో విశ్రాంత ఉద్యోగులం కొందరం భార్యలతో సహా విజయవాడ నుంచి వియత్నాం వెళ్ళాం. మొత్తం ఇరవై రెండు మందిమి. టూరు వాళ్ళు హా లాంగ్ బే పడవలో కూడా పెరుగన్నం పెట్టించారు కాబట్టి ఎవరికీ పెద్దగా ఇబ్బంది లేకపోయింది. హనోయ్‌లోని హోఆ లో జైలు మాత్రం టూరు జాబితాలో లేదు. నేనే పట్టుబట్టి చేర్పించాను. మిగతావాళ్ళకు ఆ పూట పట్టు బట్టల వీధికి పోవాలని ఉంది. 'డబ్బిచ్చి మరీ జైలుకెళ్ళడమేంటండీ' అంది మా ఆవిడ. సంగారెడ్డిలో 1796 నాటి జైలును మ్యూజియం చేశారనీ, ఐదు వందలు కడితే ఒక రోజంతా ఖైదీగా ఉండనిచ్చేవారనీ చెప్పాను. 'వాళ్ళకీ పన్లేదు' అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

బయల్దేరే ముందు నెల రోజులు పుస్తకాలు చదివాను. ఇది గొప్పకు చెప్పడం లేదు, రోగం ముదిరిన తీరు చెబుతున్నాను. బస్సెక్కగానే గైడు పిల్ల చేతిలో మైకు తీసుకున్నాను. ఆ అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో, అందరినీ 'అంకుల్' అంటుంది, మైకు మర్యాదగా ఇచ్చేసింది. త్రూక్ బాక్ చెరువు దాటుతున్నప్పుడు గట్టున ఉన్న రాతి శిల్పం చూపించి దంచాను. 1967 అక్టోబరు 26న జాన్ మెకైన్ విమానాన్ని కూల్చింది ఇక్కడే. మనిషి పారాషూట్‌తో ఈ నీళ్ళలోనే పడ్డాడు. ఆయన తర్వాత సెనేటర్ అయ్యాడు, 2008లో ఒబామా మీద పోటీ చేసి ఓడిపోయాడు. అంతటితో ఆపినా బాగుండేది. 'ఈ రాయి మీద చాలా ఏళ్ళపాటు ఆయన పేరు తప్పుగా ఉండేది. పైగా ఆయన నేవీ మనిషైతే ఎయిర్ ఫోర్స్ అని చెక్కారు. చెక్కేముందు ఒకసారి చదువుకోవద్దూ?' అన్నాను. బస్సంతా నవ్వింది. గైడు పిల్ల నా మొహం చూసింది, తర్వాత కొంచెం కిందికి చూసింది, తర్వాత కిటికీలోంచి బయటికి చూసింది. ఆ చూపుల వరస అప్పుడు నాకు అర్థం కాలేదు.

జైలు ఊరి నడిబొడ్డున ఉంది. ముందు పసుపు రంగు గోడ, కమాను మీద ఫ్రెంచిలో 'మేజాన్ సాంత్రాల్' అనే అక్షరాలు. కేంద్ర కారాగారం అన్నమాట, మన రాజమండ్రి సెంట్రల్ జైలు లాగే. గోడ వెనక ఆకాశాన్నంటే అద్దాల భవనాలున్నాయి. 1990ల్లో జైలును చాలా మటుకు పడగొట్టి ఆ జాగాలో అవి కట్టారు. మిగిలిన ముక్కే మ్యూజియం. ఈ గోడకు ముందు ఇక్కడ ఫూ ఖాన్ అనే ఊరుండేది. వాళ్ళు మట్టి పొయ్యిలు చేసి అమ్ముకునేవాళ్ళు. 1896లో ఫ్రెంచివాళ్ళు జైలు మొదలుపెట్టి ఊరిని లేపేశారు, ఊరి వృత్తి మాత్రం జైలు పేరులో మిగిలిపోయింది. హోఆ లో అంటే అగ్గి పొయ్యి. కుంపటి అంటే ఇంకా దగ్గరగా ఉంటుంది. వియత్నాం యుద్ధంలో ఇక్కడ బందీలుగా ఉన్న అమెరికన్ పైలట్లు ఈ కుంపటికి వెటకారంగా 'హనోయ్ హిల్టన్' అని పేరు పెట్టారు. 1999లో అసలు హిల్టన్ కంపెనీ ఈ ఊళ్ళో హోటల్ తెరిచినప్పుడు ఆ పేరు తగలకుండా 'హిల్టన్ హనోయ్ ఒపెరా' అని పెట్టుకుంది. ఇదంతా కమాను కింద నిలబడి మైకు లేకుండానే చెప్పాను.

ఫొటో దిగాను. పిడికిలి బిగించి పైకెత్తాను, ఛాతీ విరిచాను. దాన్ని అక్కడికక్కడే మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కింద ఏం రాశానో కూడా దాచకుండా చెప్పాలి కదా: 'యాభై ఏళ్ళ కిందటి నినాదం దగ్గరికి నడిచొచ్చాను మిత్రులారా. లాల్ సలాం!'

ఆ నినాదం సంగతి వేరే చెప్పాలి. 1972లో బెజవాడలో డిగ్రీ చదివేవాణ్ణి. కలకత్తా కుర్రాళ్ళ నోటి నుంచి వచ్చిన 'నీ పేరు నా పేరు వియత్నాం' అనే కేక అప్పటికి మా వీధుల్లోకీ చేరింది. ఊరేగింపు ముందు నడిచే మా నాయకుడికి గొంతు బొంగురుపోయింది. నాది నాగస్వరం లాంటి గొంతు. అరవమన్నాడు, అరిచాను. ఊరేగింపు అయ్యాక మిరపకాయ బజ్జీలు, టీ ఇప్పించాడు. మర్నాడు మా లెక్చరరు గారు ప్రపంచ పటం ముందు నిలబెట్టి 'ఏదిరా నీ పేరు, చూపించు' అంటే నా వేలు బోర్నియో మీద పడింది. మా పోరాటం అంతవరకే. ఆ డిసెంబరు 18 నుంచి 29 దాకా, క్రిస్మస్ ఒక్కరోజు విడిచి, అమెరికా బి-52లు హనోయ్ మీద, హైఫాంగ్ మీద బాంబులు కుమ్మరించాయి. 26 రాత్రి ఖామ్ థియెన్ వీధి నేలమట్టమైంది. మాకప్పుడు జై ఆంధ్ర ఉద్యమం రోజులు, కాలేజీలు మూతబడ్డాయి. నేను మా ఊళ్ళో మినప చేను కావలికి పోయి మంచె మీద ట్రాన్సిస్టర్‌లో సినిమా పాటలు వెతుక్కుంటున్నాను. మధ్యలో వార్తలొస్తే స్టేషను మార్చేవాణ్ణి. 'నా పేరు వియత్నాం' అన్నవాడి సంగతి అదీ.

లోపలికి వెళ్ళాం. చెవికి పెట్టుకుని వినే పరికరం ఇస్తారు అక్కడ, అది ఉంటే ఏ గదిలో ఏముందో కథలా చెబుతుంది. అందరూ తీసుకున్నారు, నేను వద్దన్నాను. నాకు తెలియనిది అదేం చెబుతుందని? గుమ్మం దాటగానే గైడును అడిగిన మొదటి ప్రశ్న 'అమెరికా వాళ్ళ గదులెక్కడ?' అని. 'చివర్లో అంకుల్' అంది. ఆ చివరికి చేరడానికి నా వెనకున్నవాళ్ళను తోలుకుంటూ నడిచాను. బొండల్లో కాళ్ళు ఇరుక్కుని వరసగా కూర్చున్న ఖైదీల బొమ్మలు కనిపించాయి. 'బొమ్మలు బాగా చేశారు' అన్నాను. గిలటిన్ యంత్రం కనిపించింది. కత్తి ఎలా జారుతుందో, చెక్క పట్టీలో మెడ ఎలా బిగిస్తారో ఒక నిమిషం చెప్పాను. ఆడవాళ్ళ గది దగ్గర మా ఆవిడ ఆగిపోయింది. తల్లులతో పాటు పసిపిల్లల్ని కూడా అక్కడ ఉంచేవారట. 'ఇంతమందిలో చంటిదానికి నీళ్ళెలా పోసేవాళ్ళో' అంది. 'పద పద, అసలైనవి ముందున్నాయి' అన్నాను.

అసలైనవి అన్నాను. ఆ మాట నాకు బాగా గుర్తుంది.

చివరి గదులకు చేరాక నా విశ్వరూపం చూపించాను. ఎవరెట్ అల్వరెజ్ అనే పైలట్ 1964 ఆగస్టు 5న దొరికాడు, 1973 ఫిబ్రవరిలో విడుదలయ్యాడు, ఎనిమిదేళ్ళ పైచిలుకు. జెరిమయా డెంటన్‌ను 1966లో టీవీ కెమెరా ముందు కూర్చోబెట్టి అంతా బాగుందని చెప్పించబోతే ఆయన నోటితో మాట్లాడుతూనే రెప్పలు మోర్స్ కోడ్‌లో కొట్టి 'చిత్రహింస' అనే అర్థం వచ్చే మాట చెప్పాడు. గోడకు అటూ ఇటూ ఉన్న ఖైదీలు వేళ్ళతో కొట్టుకునే లిపి ఒకటుంది. ఐదు వరసలు, వరసకు ఐదు అక్షరాలు. ఇంగ్లీషు అక్షరాలు ఇరవై ఆరు కాబట్టి 'కె' తీసేసి దాని బదులు 'సి' వాడేవారు. ముందు వరస నంబరు కొట్టాలి, తర్వాత అందులో అక్షరం నంబరు. మా బృందంలో ఒకాయన పేరును గోడ మీద టకటకా కొట్టి చూపించాను. పీట్ పీటర్సన్ ఆరేళ్ళకు పైగా బందీగా ఉండి, 1997లో ఇదే ఊరికి అమెరికా మొదటి రాయబారిగా తిరిగొచ్చాడు. ఇవన్నీ నిజాలే, ఇప్పటికీ నాకిష్టమే. ఆ గదుల్లో పైలట్లు బాస్కెట్‌బాల్ ఆడుతున్న, పండగ చేసుకుంటున్న ఫొటోలున్నాయి. తాళ్ళతో చేతులు వెనక్కి విరిచి కట్టేవారని తిరిగెళ్ళినవాళ్ళు రాసుకున్నది ఆ గోడల మీద కనిపించదు. 'చూశారా, ఎవరి మ్యూజియంలో వాళ్ళ కథే ఉంటుంది' అని పెద్దరికంగా తీర్పు చెప్పాను. తీర్పు తప్పు కాదు. చెప్పినవాడు ఏ వేషంలో ఉన్నాడన్నదే గొడవ.

అప్పటికి జేబులో ఫోను చాలాసార్లు గిలగిల్లాడింది. పిడికిలి ఫొటోకు పొగడ్తలనుకున్నాను. మెకైన్‌దని చెప్పే పైలట్ దుస్తులు అద్దాల పెట్టెలో ఉంటే దాని ముందు నిలబడి తీరుబడిగా ఫోను తీశాను. మొదటి సందేశం తెనాలిలో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టరుది: 'ఒరే, నీ గుండెల మీద ఎగురుతున్నదేంట్రా?' దాని కింద నా ఫొటోనే, ఛాతీ దగ్గర పెద్దది చేసి ఎర్ర సున్నా చుట్టి ఉంది. మూడోది ఒకే మాట: 'గురివింద.' ఆ కిందంతా నవ్వే బొమ్మలు.

తల దించి చూసుకున్నాను.

బూడిదరంగు టీషర్టు. దాని మీద యుద్ధనౌక, నౌక మీంచి ముక్కు పైకెత్తి లేస్తున్న ఫైటర్ విమానం, కింద 'యూఎస్ఎస్ మిడ్‌వే' అని జానెడు అక్షరాలు. మా అబ్బాయి శాన్ డియాగోలో ఉంటాడు. రేవులో ఆ ఓడను 2004 నుంచి మ్యూజియంగా నడుపుతున్నారు, రెండేళ్ళ కిందట వాడే తీసుకెళ్ళాడు. నేవీలో చేసి రిటైరైన ముసలివాళ్ళు అక్కడ స్వచ్ఛందంగా నిలబడి అన్నీ చెబుతారు. ఆగి ఉన్న విమానాన్ని ఆవిరి బలంతో రెండు మూడు క్షణాల్లో గాల్లోకి ఎలా విసురుతారో ఒకాయన ఎంత బాగా చెప్పాడని! 1965 జూన్ 17న వియత్నాం యుద్ధంలో మొదటి మిగ్‌లను కూల్చింది తమ ఓడ విమానాలేనని కూడా ఆయనే చెప్పాడు. నేను తల ఊపాను. కాక్‌పిట్‌లో కూర్చుని బొటనవేలు పైకెత్తి ఫొటో దిగాను. వచ్చేటప్పుడు దుకాణంలో మావాడు ఈ చొక్కా కొన్నాడు. నూలుది, మెత్తగా ఉంటుంది, చెమట పీలుస్తుంది. పెళ్ళిళ్ళకు తప్ప అన్నిటికీ అదే వేసుకునేవాణ్ణి. కొన్నాళ్ళకు బొమ్మ కనబడడం మానేసింది, మెత్తదనం ఒక్కటే మిగిలింది. ఆ పొద్దున కూడా పెట్టెలో పైనున్నది లాగి తొడుక్కున్నాను, అంతే.

ఆ ఓడ విమానాలు ఎక్కడికి ఎగిరేవో నాకు తెలియదనడానికి వీల్లేదు. నెల రోజులు చదివినవాణ్ణి కదా. ఇంటికొచ్చాక మిగ్‌ల కథ నేనే ముగ్గురికి చెప్పాను.

మా ఆవిడ దగ్గరికెళ్ళి గొంతు తగ్గించి 'ఇదేంటో పొద్దున్నే చెప్పొచ్చుగా' అన్నాను. ఆమె చొక్కా చూసి, నన్ను చూసి, 'చూశాను. మీరే ఏదో ఉద్దేశంతో వేసుకున్నారనుకున్నా. మీకు తెలియంది నాకేం తెలుసు?' అంది. అందులో వెటకారమేమీ లేదు. వెటకారం ఉంటే కొంచెం ఊరటగా ఉండేది.

తేలు కుట్టిన దొంగలా మరుగుదొడ్డికి పోయి చొక్కా తిరగేసి తొడుక్కున్నాను. కుట్లు బయటికొచ్చాయి, మెడ వెనక కంపెనీ చీటీ జెండాలా నిలబడింది. అలా బయటికొచ్చి బృందంలో కలవడానికి మొహం చెల్లలేదు. వాళ్ళను ముందుకు పోనిచ్చి, నేను వెనక్కి, వచ్చిన దారినే నడిచాను. ఆ జైలు నేను చూసింది ఈ రెండో నడకలోనే. సిగ్గు లేకపోతే ఆ నడకే లేదు.

బొండల గది ముందు ఈసారి మాట్లాడడానికి పక్కన ఎవరూ లేరు. రెండు పక్కలా ఎత్తయిన అరుగులు, వాటి మీద మనుషుల వరస, అందరి చీలమండలూ ఒకే పొడవాటి పట్టీలో. పక్కవాడు కదిలితే వీడి కాలికి తెలుస్తుంది. 1913లో ఈ జైలు ఆరు వందల మందికని లెక్క. 1954లో ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయేనాటికి లోపల రెండు వేల పైన ఉన్నారు. బ్యాంకువాణ్ణి కదా, అంకెలు చూస్తే చేయి ఊరుకోదు. మనిషికి ఎంత జాగా వస్తుందో మనసులో భాగించి చూసి మధ్యలో వదిలేశాను.

ఒంటరి కొట్లున్నాయి. వాటిని ఫ్రెంచిలో 'కాషో' అంటారు. మొదటిసారి తలుపులో తొంగిచూసి 'చీకటి కొట్లు' అని ముందుకు పోయాను. నేలను కావాలనే వాలుగా కట్టారని ఇప్పుడు చూశాను. కాళ్ళు మెరకన ఇనుప కడ్డీలో బిగించి ఉంటాయి, తల పల్లంలో ఉంటుంది. పడుకుంటే నెత్తురంతా తలకు దిగుతుంది. నాకు బీపీ ఉంది. తల కింద రెండు దిండ్లు లేకపోతే నిద్రపట్టదు. కొట్టు గుమ్మంలో నిలబడి ఎంతసేపున్నానో తెలియదు గానీ, ఎవరో విదేశీ కుర్రాడు 'ఎక్స్‌క్యూజ్ మీ' అని పక్కకు జరిగే దాకా ఉన్నాను.

ఇక్కడి ఖైదీలు లోపల చదువులు చెప్పుకున్నారు, చేతిరాత పత్రికలు నడిపారు. ఈ జైల్లో ఉన్నవాళ్ళలో ఐదుగురు తర్వాత్తర్వాత కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శులయ్యారు. ట్రువాంగ్ చిన్, లె జువాన్ పేర్లు మా రోజుల్లో మాకు నోటికి వచ్చు. వాళ్ళు ఈ అరుగుల మీద కూర్చున్నారన్న సంగతి డెబ్భై ఏళ్ళు దాటాక, చొక్కా తిరగేసుకున్న పూట తెలిసింది.

నేను ఒక నిమిషం డెమో ఇచ్చిన గిలటిన్ దగ్గర ఈసారి దూరంగా నిలబడ్డాను. యెన్ బాయ్ తిరుగుబాటు నడిపిన న్యుయెన్ థాయ్ హోక్‌ను, పన్నెండు మంది సహచరులను 1930 జూన్ 17న అలాంటి కత్తి కిందే యెన్ బాయ్‌లో చంపారు. మనకది ఉప్పు సత్యాగ్రహం సాగుతున్న ఎండాకాలం. అప్పటికి ఆయన ఇంకా ముప్పై ఏళ్ళు నిండని కుర్రాడు.

మురుగు కాలువ ముక్క ఒకటి ప్రదర్శనలో పెట్టారు. నా తలకాయ పట్టేంత వెడల్పుందేమో. నా పొట్ట అందులో పట్టదు. 1945 మార్చిలో జపానువాళ్ళు ఫ్రెంచివాళ్ళను కూలదోసిన గందరగోళంలో వందకు పైగా రాజకీయ ఖైదీలు జైలు తప్పించుకున్నారు. మురుగు కాలువ దారి కూడా అందులో ఒకటి. 1951 క్రిస్మస్ ముందు రోజు రాత్రి మరణశిక్ష పడ్డ పదహారు మంది కాలువలో అడ్డున్న ఇనుప ఊచలు కోసి దూరారు. హెడ్మాస్టరు గ్రూపులో నా మీద విరుచుకుపడుతున్నాడు, ఫోను గిలగిలా కొట్టుకుంటోంది, నేను ఆ కాలువ ముందు కూర్చుని చూస్తున్నాను. ఊచ కోసే చప్పుడు పైకి వినబడకుండా ఏం చేసి ఉంటారా అని ఆలోచించాను. పైలట్ల గోడ లిపి నాకు కంఠోపాఠం. ఈ కాలువ గురించి చదివిన పుస్తకంలో ఒక పేజీ ఉంది, ఆ పేజీ నేను తిప్పేశాను.

ఆడవాళ్ళ గది దగ్గరికొచ్చేసరికి మా ఆవిడ అక్కడే ఉంది. ఆమె కూడా వెనక్కొచ్చింది. ఏం మాట్లాడుకోలేదు. చెవికి పెట్టుకున్నది తీసి నా చేతికిచ్చింది. విన్నాను. ఇంగ్లీషు, తీరికగా చెబుతోంది. మొదట్లోనే తీసుకుని ఉంటే నా మైకుకు అంత పని ఉండేది కాదు.

బయట ఆవరణలో ఒక పెద్ద చెట్టుంది. వియత్నాం వాళ్ళు దాన్ని 'బాంగ్' అంటారు, బోర్డులో అది ఖైదీల చెట్టని రాసి ఉంది. దాని ఆకులు, బెరడు విరేచనాలకూ పుళ్ళకూ మందుగా వాడుకున్నారట. కొమ్మలతో తినడానికి పుల్లలు, పొగ గొట్టాలు, పిల్లనగ్రోవులు చేసుకున్నారట. కాయలు రాలితే తిన్నారట. ఆ నీడన కూడి కబుర్లు ఒకరికొకరు చేరవేసుకున్నారట. నేను బోర్డు చదువుతుండగా మా ఆవిడ వంగి కింద రాలిన కాయ ఒకటి తీసింది. 'ఇది బాదం కాయ కదండీ' అంది.

నిజంగానే అది బాదం. మన నాటు బాదం. ఎర్రబడ్డ ఆకులు, అంతస్తులు అంతస్తులుగా పరుచుకున్న కొమ్మలు, పీచు కాయ. ఎలిమెంటరీ బడి వెనక రాయితో కొట్టి పప్పు తీసుకుని వేళ్ళు చితగ్గొట్టుకున్న చెట్టు. మా చిన్నప్పుడు హోటల్లో ఇడ్లీలు ఈ ఆకులోనే కట్టిచ్చేవారు.

పక్కనే దుకాణంలో ఆ ఆకుల టీ అమ్ముతున్నారు. కౌంటరు దగ్గరున్నావిడ మా ఆవిడ వయసుదే. చిన్న కప్పుల్లో రుచికి పోసిచ్చింది. నేను కప్పు అందుకుంటుంటే ఆవిడ నా భుజం వైపు చూపించి ఏదో అంది. నాకర్థం కాలేదు. ఆవిడ తన జాకెట్టు మెడ పట్టుకుని లోపలి కుట్టు బయటికి తీసి చూపించి, వేలు గుండ్రంగా తిప్పి, నవ్వింది. చొక్కా తిరగేసి వేసుకున్నారు, చూసుకోలేదు పాపం అని. నాకు చెప్పినందుకు దండం పెట్టాను. ఆవిడ మరీ దయగా మరుగుదొడ్డి ఎటో కూడా చూపించింది. తిప్పుకుంటే యుద్ధనౌక, తిప్పుకోకపోతే మతిమరుపు ముసలాడు. 'యస్, యస్' అంటూ రెండో కప్పు తాగాను.

గైడు పిల్ల వెతుక్కుంటూ వచ్చింది. నా కుట్లు చూసి మొదటిసారి గట్టిగా నవ్వింది. సారీ చెప్పాను. 'మాకు అలవాటే అంకుల్. అమెరికా వాళ్ళు కూడా వస్తారు, ఇక్కడ బందీలుగా ఉండి వెళ్ళినవాళ్ళు కూడా వస్తారు' అంది. కాసేపాగి, 'కానీ మీరు బస్సులో చెరువు దగ్గర ఆ మాట అన్నప్పుడు మాత్రం...' అని ఆపేసింది. చెక్కేముందు చదువుకోవద్దూ అన్న మాట. మైకు ఆ తర్వాత మళ్ళీ అడగలేదు.

టీ కొద్దిగా వగరుగా ఉంది. మా ఆవిడ ఒక పొట్లం కొని, ఆ కాయను కూడా చేతిసంచిలో వేసుకుంటూ, 'మన కింద ఉండేది కదా' అంది. అవును, ఉండేది. మా అపార్టుమెంటు గేటు పక్కన, దాదాపు ఇంత చెట్టు. 2016లో నేను సంఘం కార్యదర్శిని. ఆకులు మురుగు కాలవలో పడుతున్నాయని, కాకులు కార్ల మీద పాడు చేస్తున్నాయని ఎవరో ఎత్తారు. ఒకరోజు పొద్దున టిఫిను వేళ మినిట్స్ పుస్తకం తెచ్చి సంతకం పెట్టమన్నారు. ఐదు తీర్మానాలున్నాయి, మొదటిది లిఫ్టు మరమ్మతు. అదొక్కటే చూసి కింద సంతకం గీశాను. చెట్టు నాలుగో తీర్మానం. మర్నాడు గొడ్డళ్ళు వచ్చాక మా ఆవిడ పరిగెత్తుకుంటూ పైకొచ్చి 'ఎవరు చెప్పారండీ వీళ్ళకి' అని అడిగితే, సంఘం నిర్ణయం అన్నాను.

ఫొటో ఇప్పటికీ గ్రూపులోనే ఉంది, తీసేయడానికి గడువు దాటిపోయింది. చొక్కా నూలుది కాబట్టి ఇంట్లో వేసుకుంటున్నాను. చెట్టు కొట్టిన జాగాలో రెండు కార్లు పెడుతున్నారు. అందులో ఒకటి మాదే.